స్వానుభవ రచనకు బహుమానము

ఢిల్లీ మహానగరమునకు పశ్చిమ భాగమున, పంఖా రోడ్డునకు చేరువగా, జనక్‌పురి అను నివాసప్రాంతము కలదు. 1957లో ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ ప్రణాళిక వేసి నిర్మించిన కాలనీలలో అది యొకటి. అక్షరములతో గుర్తించిన బ్లాకులు, వానిలో మరల అంకెల విభాగములు, నడుమ చిన్న తోటలు, ఇవన్నియు ఇరువదవ శతాబ్దపు ఇంజనీర్లు గీచిన గీతలు. 2005 డిసెంబరు 31న మెట్రో రైలు సైతము అక్కడికి చేరెను. పేరు మాత్రము విదేహరాజైన జనకునిది. రచనల పోటీలను గూర్చి ఆలోచించువారికి ఆ పేరు వినగానే ఒక ప్రాచీన సభ జ్ఞప్తికి రాక మానదు.

బృహదారణ్యకోపనిషత్తు మూడవ అధ్యాయమున ఆ సభ వర్ణితమైనది. జనకుడు బహుదక్షిణమైన యజ్ఞమొకటి చేసెను. కురుపాంచాల దేశముల బ్రాహ్మణులు అచట కూడిరి. వారిలో మిక్కిలి విద్వాంసుడెవ్వరో తెలిసికొనవలెనని రాజునకు కోరిక కలిగెను. వేయి గోవులను నిలిపించి, ఒక్కొక్క గోవు కొమ్ములకు పది పాదముల బంగారము కట్టించి, మీలో బ్రహ్మిష్ఠుడైనవాడు వీనిని తోలుకొనిపోవచ్చునని ప్రకటించెను. ఎవ్వరును సాహసింపలేదు. యాజ్ఞవల్క్యుడు వాదము మొదలు కాకమునుపే గోవులను తోలుకొని పొమ్మని శిష్యునితో చెప్పెను. తక్కినవారు కోపించి ప్రశ్నింపసాగిరి.

ఆ ప్రశ్నించినవారిలో ఆర్తభాగుడొకడు. మరణించినవాని వాక్కు అగ్నిలోను, ప్రాణము వాయువులోను, చూపు సూర్యునిలోను కలిసిపోగా, ఆ మనుష్యుడు ఎక్కడ ఉండునని అతడు అడిగెను. యాజ్ఞవల్క్యుడు ఆ ప్రశ్నకు సభలో సమాధానము చెప్పలేదు. చేయి అందిమ్మని కోరి, ఈ విషయము మనమిద్దరమే తెలిసికొనవలెను గాని జనసమూహమున చెప్పదగినది కాదని పలికి, అతనిని పక్కకు తీసికొనిపోయెను. బహుమానము సభలో ఉన్నది. సభలో చెప్పరాని మాటయు ఉన్నది. స్వానుభవమును, యథార్థ జీవితకథను వ్రాయుమని పోటీ పెట్టుట యనగా ఈ రెంటిని ఒక్కచోటికి చేర్చుటయే. చేయి పట్టుకొని పక్కకు పోయి చెప్పవలసినదానిని న్యాయనిర్ణేతల ముందు పెట్టుమని అడుగుటయే. అందుచేతనే ఈ తరహా పోటీకి కథల పోటీకి లేని చిక్కులు కలవు. కథల పోటీకి రాని ఫలము సైతము కలదు.

తెలుగు వచనమునకును పోటీకిని ఉన్న చుట్టరికము పాతది. రాజమహేంద్రవరమున న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక 1890 దశాబ్దమున నవలలకు పోటీలు పెట్టి బహుమానములిచ్చెను. ఆ పత్రికకు కందుకూరి వీరేశలింగము పంతులుగారి సంపాదకత్వము అండగా ఉండెను. నవల యను ప్రక్రియ అప్పటికి తెలుగున కాలు నిలదొక్కుకొనలేదు. పుస్తకము అచ్చువేయుటకు ధనము లేని యువకునకు ఆ ప్రకటన ఒక ఆహ్వానము. ఖండవల్లి రామచంద్రుడు, తల్లాప్రగడ సూర్యనారాయణరావు మొదలగువారు ఆ పోటీల ద్వారమున ప్రసిద్ధికి వచ్చిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్ర విజయము 1894లో అట్లే వెలుగు చూచెను. హేమలత, అహల్యాబాయి మొదలైన నవలలు తరువాత వచ్చెను. తెలుగు నవల తొలి అడుగులు వేసినది పోటీ ప్రకటన పిలుపు విని యనుట అతిశయోక్తి కాదు.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. చిలకమర్తివారు చిన్ననాటినుండి చూపు మందగించినవారు. తుదకు చూపు పూర్తిగా కోల్పోయినవారు. 1867లో జన్మించిన ఆయన, డెబ్బది యేండ్లు దాటిన పిదప తన స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. పోటీ ఆయనను అడిగినది నవల. ఆ నవల వ్రాసిన యువకుని పేదరికమును, చదువునకు పడిన కష్టమును, కంటిచూపు బాధను ఏ పోటీయు అడుగలేదు. అర్ధశతాబ్దము గడచిన పిదప వృద్ధుడైన రచయిత తానై చెప్పుకొనెను. నేడు పాఠకునకు రామచంద్ర విజయముకంటె స్వీయచరిత్రమే సన్నిహితముగా తోచుట ఆశ్చర్యము కాదు. గోదావరి తీరపు జనజీవితమంతయు అందు నిలిచియున్నది.

ఐరోపాలోను ఇట్టి ఉదాహరణము కలదు. 1749లో జాన్ జాక్ రూసో, విన్సెన్ కోటలో బందీగానున్న మిత్రుడు దిదరోను చూచుటకు నడచిపోవుచు, చేతనున్న పత్రికలో దిజోన్ అకాడమీ వారి వ్యాసరచన పోటీ ప్రకటన చూచెను. శాస్త్రములయు కళలయు పునరుజ్జీవనము నీతిని శుద్ధిచేసినదా యను ప్రశ్న అది. చేయలేదని వ్రాసి 1750లో ఆయన బహుమానము పొందెను. ఆ ప్రకటన చదివిన క్షణమున తనలో కలిగిన సంక్షోభము ఆ వ్యాసములో లేదు. ఆయన మరణానంతరము 1782 మొదలు వెలువడిన ఆత్మకథలో ఉన్నది. పోటీ సిద్ధాంతమును అడిగెను. మనిషి తన కథను వేరుగా దాచుకొనెను.

తెలుగు దేశమున 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీ బహుమానమును విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు, అడివి బాపిరాజుగారి నారాయణరావు పంచుకొనెను. విశ్వనాథవారు ఆ మహానవలను ఇరువది తొమ్మిది దినములలో ఆశువుగా చెప్పగా, తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరని ప్రసిద్ధి. కథానాయకుడైన ధర్మారావునందు రచయిత జీవితచ్ఛాయలను విమర్శకులు ఆదినుండి గుర్తించుచునే వచ్చిరి. పోటీ కల్పనను కోరినను, స్వానుభవము మారువేషమున వచ్చి లోపల కూర్చుండెను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో పాలగుమ్మి పద్మరాజుగారి గాలివాన ద్వితీయ బహుమానము పొందుటతో, పోటీ యనునది తెలుగు రచయితకు ప్రపంచద్వారముగా కనబడెను. ఆ పేరుగల కథాసంపుటికి 1985లో, పద్మరాజుగారు గతించిన రెండేండ్లకు, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. వారపత్రికల కాలమున ఆంధ్రప్రభ నవలల పోటీలో బహుమానము పొందిన కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణము 1964లో డాక్టర్ చక్రవర్తి యను చలనచిత్రమయ్యెను. సముద్రములకు ఆవల అమెరికాలో తానా సంస్థ పెట్టిన నవలల పోటీలు చంద్రలతగారి రేగడివిత్తులు, బండి నారాయణస్వామిగారి శప్తభూమి మొదలగు రచనలను పాఠకులకు అందించెను. శప్తభూమికి 2019లో అకాడమీ పురస్కారము సైతము లభించెను.

ఈ పోటీలన్నిటికి తోడుగా ఒక చిన్న కాగితము నడచుచు వచ్చినది. అది హామీపత్రము. ఈ రచన నా స్వంతము, అనువాదము గాని అనుకరణ గాని కాదు, వేరొకచోట ప్రచురింపబడలేదు, పరిశీలనలో లేదు, అని రచయిత సంతకము చేయును. ఒక మాట మాత్రము ఆ పత్రమున ఉండదు: ఇది నిజమని. కథకు ఆ మాట అక్కరలేదు. స్వానుభవ రచనకు అదియే ప్రాణము. కథ బాగుగా లేదని తిప్పి పంపినపుడు రచయిత నైపుణ్యము మాత్రమే నిరాకరింపబడినది. స్వానుభవమును తిప్పి పంపినపుడు, నీ బ్రదుకు బహుమానమునకు చాలదన్నట్లు తోచును. ఆ గాయము వేరు.

తెలుగున యథార్థ జీవితకథ పోటీల మార్గమున రాలేదు. వీరేశలింగముగారి స్వీయ చరిత్రము, ఆదిభట్ల నారాయణదాసుగారి నా యెరుక, టంగుటూరి ప్రకాశముగారి నా జీవిత యాత్ర, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ, గుఱ్ఱము జాషువగారు పద్యములలో చెప్పుకొన్న నా కథ, ఇవన్నియు పేరుపొందినవారు, లేదా మిత్రులు ప్రోత్సహించినవారు వ్రాసినవి. స్త్రీల స్వీయచరిత్రలలో తొలివానిలో ఒకటియైన ఏడిదము సత్యవతిగారి ఆత్మచరితము 1934లో వెలువడినది. ఈ గ్రంథములు తెలుగు వాఙ్మయమునకు భూషణములు. అయినను ఒక లోటు మిగిలినది. పేరులేని మనిషిని, నీ కథ చెప్పుమని అడిగినవారు తక్కువ. పేరులేనివారు తమంతట తాము అట్టి సాహసము చేయరు. ఎవరైన అడిగిననే చెప్పుదురు. పోటీ ప్రకటన అడుగుటకు ఒక మార్గము.

ఆ మార్గమును సంపూర్ణముగా వినియోగించిన దేశము పోలండు. 1921లో పోజ్నాన్ నగరమున ఫ్లోరియన్ జ్నానియెత్స్కీ యను సమాజశాస్త్రవేత్త కార్మికుల ఆత్మకథలకు పోటీ పెట్టెను. అందు పాల్గొన్న యాకూబ్ వోయ్‌చెహోవ్‌స్కీ యను కార్మికుని జీవితకథ 1930లో గ్రంథముగా వెలువడి, సాహిత్యముగా కూడ మన్నన పొందెను. ఆర్థికమాంద్యము దేశమును కుదిపినపుడు, లుద్విక్ క్షివిత్స్కీ నాయకత్వమున వార్సాలోని సామాజిక ఆర్థిక సంస్థ నిరుద్యోగుల జ్ఞాపకములను కోరెను. ఏడువందలకు పైగా వ్రాతప్రతులు వచ్చెను. వానిలో 57 ఎంచి 1933లో ప్రకటించిరి. అటుపై రైతులను అడిగిరి. రైతుల జ్ఞాపకములు 1935, 1936 సంవత్సరములలో రెండు సంపుటములుగా వచ్చెను. కూలి దొరకని దినమున ఇంట ఏమి వండిరి, చెప్పులు లేక పిల్లవాడు బడి మానిన విధమెట్టిది, ఇట్టి సంగతులు ప్రభుత్వ నివేదికలలో కనబడవు. పెన్సిలుతో పాఠశాల పుస్తకములపై వ్రాసి పంపినవారి మాటలలో కనబడెను.

ఆ కాలముననే విల్నాలోని యివో యను యూదుల పరిశోధనసంస్థ 1932, 1934, 1939లలో యువజనుల ఆత్మకథలకు పోటీలు పెట్టెను. మాక్స్ వైన్రైఖ్ ఆ పనికి ప్రేరకుడు. అసాధారణమైన బ్రదుకు గలవారే వ్రాయవలెనని తలంపవద్దని ప్రకటనలో స్పష్టముగా చెప్పిరి. మారుపేరుతో వ్రాయుటకు అనుమతించిరి. మూడు పోటీలలో ఆరువందలకు పైగా ఆత్మకథలు చేరెను. మూడవ పోటీ బహుమానములను ప్రకటింపవలసిన దినము 1939 సెప్టెంబరు 1. ఆ ఉదయముననే జర్మనీ సేనలు పోలండు మీద పడెను. వ్రాసిన యువతీయువకులలో పెక్కుమంది తరువాతి సంవత్సరములలో హతులైరి. ఆ వ్రాతప్రతులలో మూడువందలకు పైగా మిగిలి, నేడు న్యూయార్కులోని అదే సంస్థలో భద్రముగా ఉన్నవి. ఎవరికి ప్రథమ బహుమానము రావలసియుండెనను ప్రశ్న నేడు ఎవ్వరికిని ముఖ్యము కాదు. ఒక్కొక్క కాగితమును ముఖ్యమే. యుద్ధము మింగివేసిన సమాజమునకు ఆ పిల్లలు వ్రాసినవే సాక్ష్యములైనవి.

1939లోనే హార్వర్డు విశ్వవిద్యాలయ పండితులు, 1933 జనవరి 30కి ముందు, తరువాత జర్మనీలో తమ జీవితమును వ్రాయుమని ప్రవాసులను కోరి, వేయి డాలర్ల బహుమానము ప్రకటించిరి. తాత్త్విక చర్చలు వలదు, అనుభవించినది వ్రాయుడని నియమము. రెండువందల యేబదికి పైగా వ్రాతప్రతులు వచ్చెను. జపానులో తలదాచుకొనియున్న తత్త్వవేత్త కార్ల్ లోవిత్ సైతము 1940లో వ్రాసి పంపెను. ఆయనకు బహుమానము రాలేదు. ఆయన 1973లో గతించెను. ఆ రచన 1986లో అచ్చయి, ఆ యుగమును తెలిసికొనగోరువారికి ముఖ్యగ్రంథమయ్యెను. న్యాయనిర్ణేతలు వెనుకకు నెట్టినదానిని కాలము ముందునకు తెచ్చుట అరుదు కాదు. అయితే కాలము ముందునకు తేవలెనన్న, ఆ కాగితము ఎక్కడనో నిలిచియుండవలెను.

ఈ మార్గమున అపాయము కూడ లేకపోలేదు. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయపు థియోడర్ ఏబెల్, హిట్లరు పక్షమున చేరినవారి జీవితకథలకు నాలుగువందల మార్కుల బహుమానము ప్రకటింపగా 683 రచనలు వచ్చెను. వానిలో నిజమున్నది, ఆత్మసమర్థనము అంతకు తక్కువ కాకుండ ఉన్నది. బహుమానమునకై చెప్పు నిజము అడిగినవాని ముఖమును చూచుచు చెప్పబడును. న్యాయనిర్ణేతకు కన్నీరు ఇష్టమని తోచిన కన్నీరును, వీరత్వము ఇష్టమని తోచిన వీరత్వమును రచయిత తెలిసియో తెలియకయో అధికము చేయును. పేదరికము పోటీపడి మరింత పేదరికమగును. ఇది అసత్యమని చెప్పరాదు. సత్యము తూకమునకు లోబడినపుడు కలుగు వంకర అది.

ఇంకొక చిక్కు ఇల్లు. నా కథ యని వ్రాయునది ఒక్కరి కథ కాదు. భర్త, అత్త, తోబుట్టువులు, యజమాని, పొరుగువారు అందు ఉందురు. వారు హామీపత్రముపై సంతకము చేయలేదు. స్త్రీ తన బ్రదుకును వ్రాసిన, నిజమని ముద్రవేసి దానిని అచ్చువేసిన, పత్రిక ఇల్లు చేరిన దినమున ఆమెకేమగునను విచారము సంపాదకునికి ఉండవలెను. తెలుగు రచయిత్రులు పెక్కుమంది యథార్థమును కథయని చెప్పి వ్రాయుటకు ఇది యొక ముఖ్యకారణము. కల్పన వారికి తెరయైనది. నిజము వ్రాయుమని కోరు పోటీ ఆ తెరను తీసివేయును. అందువలన వేరొక రక్షణ కల్పించుట దాని బాధ్యత. విల్నా వారు మారుపేరును ఒప్పుకొనుటలోని వివేకము ఇదియే. పేరు దాచినంతమాత్రమున నిజము దాచినట్లు కాదు. ఆర్తభాగుని చేయి పట్టుకొని పక్కకు పోయిన యాజ్ఞవల్క్యుడు సమాధానమును దాచలేదు. సభనుండి ప్రశ్నించినవానిని కాపాడెను.

తెలుగున ఈ పనిని పోటీ లేకుండ చేసిన ఉదాహరణమొకటి స్మరింపదగినది. స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణా సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీలను వెదకి, వారితో కూర్చుండి మాటాడి, ఆ మాటలను 1986లో మనకు తెలియని మన చరిత్ర యను గ్రంథముగా ప్రకటించిరి. ఆ స్త్రీలలో కొందరికి వ్రాయుట అలవాటు లేదు. ఏ పోటీ ప్రకటన వెలువడినను వారు పాల్గొనియుండరు. అడిగినవారు ఇంటికి పోయి అడిగిరి. వినుటకు తీరిక చేసికొనిరి. ఇందు ప్రథమ ద్వితీయములు లేవు. పోటీ పెట్టువారు ఈ గ్రంథమునుండి నేర్చుకొనవలసినది, వ్రాయలేనివాని నిజమునకు సైతము చోటు చూపవలెనని. చెప్పినదానిని మరియొకరు వ్రాసి పంపుటకు అనుమతి ఉండవలెనని. చిలకమర్తివారి స్వీయచరిత్రమే చెప్పి వ్రాయించినదని మరువరాదు.

మరల జనక్‌పురికి. ఢిల్లీలో తెలుగువారి జీవితమునకు స్థిరరూపమిచ్చిన సంస్థలలో 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి చొరవతో వెలసిన ఆంధ్ర విద్యాసంఘము ముఖ్యమైనది. దాని పాఠశాలలలో ఒకటి జనక్‌పురిలో ఉన్నది. రాజమహేంద్రవరమున జన్మించి, రాజ్యాంగసభలో కూర్చుండిన దుర్గాబాయిగారు తన జీవితమును చింతామణ్ అండ్ ఐ అను ఆంగ్లగ్రంథమున చెప్పుకొనిరి. అది 1980లో వెలువడినది. మరుసటి సంవత్సరమే ఆమె గతించిరి. నాయకురాలి కథ ఇట్లు మిగిలినది. ఆ పాఠశాలకు పిల్లలను పంపిన తల్లుల కథలు, సచివాలయములలో గుమాస్తాలుగా చేరి ముప్పదియేండ్లు ఫైళ్లు మోసినవారి కథలు, ఎండాకాలమున సెలవుపై రెండు రాత్రుల రైలుప్రయాణము చేసి ఊరు చేరినవారి కథలు, ఇంట తెలుగు, వీథిలో హిందీ, కచేరీలో ఇంగ్లీషు మాటాడి పెరిగిన పిల్లల కథలు ఏ గ్రంథమునకు ఎక్కవలెను? వారిలో రచయితలనిపించుకొన్నవారు కొందరే. తక్కినవారిని అడుగవలసియున్నది. మొదటి తరమువారు వృద్ధులగుచున్నారు; అడుగుటకు గడువు దీర్ఘముగా లేదు.

అట్టి పోటీ యొకటి పెట్టిన, దాని నియమములు ఎట్లుండవలెనో పై చరిత్రయే చెప్పుచున్నది. విషయము ఇరుకుగా ఉండవలెను. నీ జీవితమును వ్రాయుమనుటకంటె, ఢిల్లీలో నీ మొదటి సంవత్సరమును వ్రాయుమనుట మేలు. అలంకారము కోరక వివరము కోరవలెను: అద్దె ఎంత, వంట ఎవరు చేసిరి, ఉత్తరము ఎన్ని దినములకు వచ్చెను. మారుపేరు అనుమతింపవలెను. అన్యుల గౌరవమునకు భంగము కలిగించు భాగములను రచయిత అనుమతితోనే ప్రకటింపవలెను. బహుమానము ఒక్కరికి పెద్దది ఇచ్చుటకంటె, పలువురికి చిన్నవి ఇచ్చిన పోటీవేడి తగ్గి నిజము నిలుచును. ఇన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. బహుమానము పొందని రచనలు తిప్పి పంపబడవు, స్టాంపులు అంటించిన కవరు జతపరచినచో పంపబడును అను పాత వాక్యము తెలుగు పత్రికల పాఠకులందరికి కంఠస్థము. కథల పోటీకి అది చాలును. స్వానుభవ రచనల పోటీకి అది చాలదు. వచ్చిన ప్రతిని ఒక్కటి విడువక, రచయిత ఒప్పుదల తీసికొని, ఒక గ్రంథాలయమున భద్రపరచుట ఆ పోటీ పెట్టిన సంస్థ మొదటి ధర్మము. నేడు కాగితముతో పని లేకయే వ్రాతలు చేరుచున్నవి, భద్రపరచుట సులభమైనది. పారవేయుట అంతకంటె సులభమైనది.

చింతామణి పోటీలో గెలిచిన నవలలను సాహిత్యచరిత్రలు పేర్కొనుచున్నవి. ఓడినవానిని సాధారణముగా పేర్కొనవు. కల్పన విషయమున ఆ నష్టమును సాహిత్యము ఓర్చుకొనగలదు. మంచి కథ పోయిన మరియొక మంచి కథ పుట్టును. ఒక మనుష్యుడు బ్రదికిన బ్రదుకు మరియొకసారి పుట్టదు.

జనకుని సభలో వేయి గోవులును యాజ్ఞవల్క్యునికే పోయెను. అయినను ఉపనిషత్తు ఆయన పేరొక్కటియే చెప్పి ఊరకుండలేదు. అశ్వలుడు, ఆర్తభాగుడు, భుజ్యుడు, ఉషస్తుడు, కహోలుడు, గార్గి, ఉద్దాలకుడు, శాకల్యుడు ఏమడిగిరో, ఏ మాటకు మిన్నకుండిరో వరుసగా చెప్పెను. గోవులు దొరకనివారి మాటలు ఆ విధముగా నిలుచుటచేతనే ఆ సభ నేటికిని సజీవముగా ఉన్నది.